అనంతపురం మెట్టసీమలో వీగన్ పిల్లల పెంపకం

వీగన్ ఆహారంలో మాంసం, చేప, గుడ్డు ఉండవు. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, తేనె కూడా ఉండవు. నియమం తిండితో ఆగదు. తోలు, పట్టు, ఉన్ని దాకా పోతుంది. జంతువును వాడుకోవడం వీలైనంత వరకు మానుకోవాలన్నదే దీని మూలసూత్రం. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు, పాలు సైతం వదిలిన శాకాహారుల కోసం వీగన్ సొసైటీని స్థాపించారు. ఆ పేరు అప్పుడే పుట్టింది. పెద్దవాళ్లు ఈ నియమాన్ని తెలిసి ఎంచుకుంటారు. పిల్లలకు దాన్ని తల్లిదండ్రులు ఎంచుతారు. చుట్టూ ఉన్న సమాజం వేరే తిండి తింటున్నప్పుడు ఆ ఎంపికను బిడ్డ ఒంటికీ మనసుకూ నష్టం రాకుండా నడపడమే ఈ వ్యాస విషయం.

తెలుగు నాట ఆ 'చుట్టూ ఉన్న సమాజం' దాదాపు అంతా మాంసాహారులే. 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 98 శాతానికి పైగా మాంసాహారులు. దేశంలో ఇంత ఎక్కువ శాతం ఉన్న రాష్ట్రాలు కొన్నే. మిగిలిన ఆ కొద్దిమంది శాకాహారుల ఇళ్లలోనూ పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. కాబట్టి తెలుగు వీగన్ బిడ్డ మాంసాహారుల మధ్యనే కాదు, శాకాహారుల మధ్య కూడా వేరుగా కనిపిస్తుంది. గార్లదిన్నె వంటి మండల కేంద్రంలో ఈ రెండో వేరుపాటే పెద్దది. మాంసం వద్దంటే కారణం అడిగేవారు తక్కువ. పెరుగన్నం వద్దంటే మాత్రం అందరూ అడుగుతారు.

మెట్టసీమ కంచం

గార్లదిన్నె అనంతపురం నుంచి గుత్తి వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. మండలంలోని పెనకచెర్ల దగ్గర పెన్నా నదిపై మిడ్ పెన్నార్ జలాశయం ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు దానిలోకి వస్తాయి కాబట్టి కాలువ కింద వరి పండుతుంది. బోర్లున్న చోట చీనీ తోటలు వేస్తారు. మిగతాదంతా వానను నమ్ముకున్న ఎర్రనేల. జిల్లాకు ఏటా పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వాన మీద నిలిచిన ప్రధాన పంట వేరుశనగ, ఊళ్ల మాటలో బుడ్డలు. కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ, అలసంద, కంది ఆ నేలకు అంతకన్నా పాత చుట్టాలు.

ఈ నేల ఇచ్చిన తిండి చాలావరకు మొక్కల తిండే. రాగి సంగటి, బుడ్డల ఊరిబిండి, ఉలవకట్టు, జొన్నరొట్టె, కందిపప్పు, గోంగూర, బొరుగులతో చేసే ఉగ్గాని, పొద్దున తాగే అంబలి వీటిలో దేనికీ పాలు, గుడ్డు అవసరం లేదు. పేద ఇళ్లలో మాంసం పండక్కో జాతరకో పరిమితం. పాడి లేని ఇంట్లో పిల్లలకు మజ్జిగ చుక్క దొరకడమే గొప్ప. దీన్ని వీగన్ ఆహారమని పిలవడం మాత్రం సరికాదు. అది లేమి వల్ల ఏర్పడిన కంచం, నియమం వల్ల కాదు. దొరికితే పాలూ మాంసమూ సంతోషంగా తినేవాళ్లదే ఆ కంచం. వీగన్ కుటుంబానికి దానివల్ల కలిగే లాభం వేరే: వండటం తెలిసిన చేతులు, దినుసులు, రుచులు ఊళ్లోనే సిద్ధంగా ఉన్నాయి. బాదం పాల డబ్బాలు, టోఫు, మొక్కల చీజ్ కోసం బెంగళూరు వైపు చూడాల్సిన పని లేదు. నగరాల్లో ఈ ఆహారం ఖరీదైన వ్యవహారంగా పేరు తెచ్చుకున్నది ఆ డబ్బాల వల్లే.

తిండి నియమంతో పిల్లల్ని పెంచడం ఈ సీమకు కొత్త కాదు. వజ్రకరూరు మండలంలోని కొనకొండ్ల జైనాచార్యుడు కుందకుందాచార్యుల ఊరని పరంపర చెబుతుంది; అక్కడి గుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. వీరశైవులు, వైశ్యులు, బ్రాహ్మణులు తరతరాలుగా మాంసం ముట్టకుండా పిల్లల్ని పెంచుతున్నారు. పుట్టపర్తిలోని సత్యసాయి విద్యాసంస్థల హాస్టళ్లలో శాకాహారమే పెడతారు. ఈ సంప్రదాయాలన్నిటికీ ఒక కట్టు ఉంది. బిడ్డ వేరుగా తింటే ఊరు దాన్ని కులాచారంగానో, మొక్కుగానో, గురువు మాటగానో అర్థం చేసుకుంటుంది. చుట్టాలంతా అదే తింటారు, పెళ్లి వంటా అదే, మేనమామ ఇల్లూ అదే. వీగన్ కుటుంబానికి ఈ కట్టు లేదు. ఒకే ఇంట్లో అన్న వీగన్, తమ్ముడు మాంసాహారి కావచ్చు. ఊరికి తెలిసిన ఏ గదిలోనూ ఇమడని నియమం కాబట్టి దాన్ని 'పిచ్చి'గా కొట్టిపారేయడం తేలిక. ఈ పెంపకంలోని సామాజిక ఇబ్బందులన్నీ ఇక్కడినుంచే మొదలవుతాయి.

పాడి ప్రశ్న

కరువు సీమలో ఆవు, బర్రె, గొర్రె ఇంటి బీమా. బుడ్డల పంట పోయిన ఏడు కుటుంబాన్ని నిలబెట్టేది పాల డబ్బు, లేదా అమ్ముకున్న గొర్రెపిల్ల. గొర్రెల సంఖ్యలో అనంతపురం రాష్ట్రంలో ముందు వరుసలో ఉండే జిల్లా. మేత దొరకని వేసవుల్లో ప్రభుత్వం పశువుల శిబిరాలు నడిపిన చరిత్రా ఈ జిల్లాకు ఉంది. అటువంటి చోట పాలు మానడమంటే పక్కింటి బతుకుదెరువును తప్పుపట్టినట్టు వినిపించే ప్రమాదం ఉంది. నగరంలో వీగన్ వాదం యంత్రాలతో నడిచే పెద్ద డెయిరీని ఉద్దేశించి మాట్లాడుతుంది. ఇక్కడ బిడ్డ రోజూ చూసేది పేరు పెట్టి పిలిచే ఆవును, దాని దూడను, ఆ పాలు పోసే అవ్వను. దూడకు పాలు మిగల్చకపోవడం, ఈనని ఆవును సంతలో అమ్మడం, మగదూడను వదిలించుకోవడం కూడా బిడ్డ కళ్ల ముందే జరుగుతాయి. అంటే వీగన్ వాదానికి ఆధారమూ, దానికి ఎదురయ్యే సమాధానమూ ఒకే కొట్టంలో ఉన్నాయి. బిడ్డకు ఈ విషయం చెప్పే తల్లిదండ్రులు 'పాలు తాగేవాళ్లు చెడ్డవాళ్లు' అనే మాట దాకా వెళ్లకపోవడం మంచిది. ఆ మాట సాయంత్రానికల్లా అవ్వ చెవిన పడుతుంది.

మొక్కల పాల వాడకం తెలుగు ఇళ్లలోకి వచ్చిన దారి వీగన్ ఉద్యమం కాదు, సిరిధాన్యాల ప్రచారం. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొర్ర, ఆరిక, సామ, ఊద, అండుకొర్రలతో పాటు ఆయన పశువుల పాలకు బదులు నువ్వుల పాలు, కొబ్బరి పాలు, వేరుశనగ పాలు వాడమని చెబుతూ వచ్చారు. అంతకు ముందే, 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, నూనె తీసిన వేరుశనగ పిండి మూడు వంతులు, వేయించిన శనగ పిండి ఒక వంతు కలిపి విటమిన్లు చేర్చిన బహుళార్థ ఆహారాన్ని తయారుచేసింది. వేరుశనగ మాంసకృత్తులను పాలలో కలిపి 'మిల్టోన్' అనే పానీయాన్నీ రూపొందించింది. ఆ పని ఉద్దేశం జీవకారుణ్యం కాదు, పాల కొరత.

బుడ్డల పెరుగు ఇంట్లోనే అవుతుంది. గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి ఉంచితే తోడుకుంటుంది. ఆ తర్వాత దాన్నే తోడుగా వాడుకోవచ్చు. రుచి ఆవుపెరుగులా ఉండదు. తాలింపు పెట్టి అన్నంలో కలిపితే పిల్లలు తింటారు.

పోషణ

సంవత్సరం లోపు బిడ్డకు ఏ మొక్కల పాలూ తల్లిపాలకు బదులు కావు. తల్లిపాలు వీగన్ నియమానికి విరుద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు ఆరు నెలలు తల్లిపాలే ఇచ్చి, తర్వాత ఘనాహారం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించడం వీగన్ బిడ్డకు అందరికన్నా ఎక్కువ అవసరం. పాలు చాలకపోతే డాక్టరు సలహాతో సోయా ఆధారిత శిశు ఫార్ములా వాడాలి. బాదం పాలే ప్రధానాహారంగా పెరిగిన పసిబిడ్డకు విటమిన్ సి లోపంతో స్కర్వీ వచ్చిన సంగతి 2016లో స్పెయిన్ వైద్యులు ప్రచురించారు. వయసుకు సరిపడని వీగన్ తిండితో పసిబిడ్డను పెంచబోయి ప్రాణం మీదకు తెచ్చిన కేసులు ఇటలీ, ఆస్ట్రేలియా, అమెరికా కోర్టుల దాకా వెళ్లాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బి12 విటమిన్. దీన్ని తయారుచేసేది బ్యాక్టీరియా మాత్రమే. మనిషికి అది జంతువుల ఆహారం ద్వారా, లేదా మందుగా చేరుతుంది. ఆకుకూర, పులిసిన ఇడ్లీ పిండి, స్పిరులినా నాచు, బుడ్డల పెరుగు దీనికి నమ్మదగిన ఆధారాలు కావు. పెద్దలకు రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల చిల్లర. ఆ కొంచెం లేకపోతే జరిగే నష్టం గురించి మొదట గట్టిగా చెప్పినవారిలో రాయలసీమ రోగులు బస్సెక్కి వెళ్లే వెల్లూరు ఆసుపత్రి వైద్యులూ ఉన్నారు. 1962లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు లాన్సెట్ పత్రికలో ఒక శిశురోగాన్ని వర్ణించారు. బి12 లోపం ఉన్న తల్లుల పాలు మాత్రమే తాగి పెరిగిన ఆ పసిబిడ్డలు మొదట బాగానే ఉండి, కొన్ని నెలలకు మందకొడిగా మారారు. వచ్చిన కదలికలు వెనక్కి పోయాయి. చర్మం అక్కడక్కడా నల్లబడింది. బి12 ఇవ్వగానే కోలుకోవడం మొదలైంది. ఆ తల్లులు వీగన్లు కారు. పాలు కొనే స్తోమత లేని శాకాహారులు, అంటే దాదాపు అదే కంచం.

ఈ లోపం వీగన్లకే పరిమితం కాదు. 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో బడి ముందు వయసు పిల్లల్లో 14 శాతం, బడి పిల్లల్లో 17 శాతం, కౌమారంలో ఉన్నవారిలో 31 శాతం మందికి బి12 లోపం కనిపించింది. మాంసాహార కుటుంబమైనా వారానికొకసారి కోడికూర తిన్నంత మాత్రాన ఈ లెక్క నుంచి బయటపడదన్నమాట. వీగన్ కుటుంబం మాత్రం దాన్ని అదృష్టానికి వదలకూడదు. తల్లి గర్భిణిగా ఉన్నప్పటినుంచే, పాలిచ్చినంత కాలమూ, ఆపైన బిడ్డకు ప్రతి దశలోనూ బి12 మందు ఇవ్వాలి. ఆ మందు బ్యాక్టీరియాను పులియబెట్టి తీసేదే కాబట్టి నియమానికి అడ్డం రాదు. మోతాదు పిల్లల డాక్టరు నిర్ణయిస్తారు. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇనుము-ఫోలిక్ ఆమ్లం మాత్రల్లో, బడిపిల్లలకు వారానికొకసారి ఇచ్చే గులాబీ, నీలం మాత్రల్లో బి12 లేదు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణలో ముఖ్యపాత్ర వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కాబట్టి తెలుగువారికి ఆ పేరు మీద ఒకింత అభిమానం ఉండటం సహజం. కానీ ఫోలిక్ ఆమ్లం పుష్కలంగా అంది బి12 అందకపోతే రక్తహీనత పైకి కనబడకుండా పోయి నరాల నష్టం లోపల సాగిపోవచ్చు.

కాల్షియం విషయంలో మెట్టసీమ కంచం పాలకు బాగానే దీటు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, మునగాకులో 300 పైచిలుకు, పొట్టు తీయని నువ్వుల్లో వెయ్యికి పైగా ఉంటుంది. ఆవుపాలలో 120 దరిదాపుల్లోనే. అంకె ఒక్కటే చూసి సంతోషపడకూడదు. పాలలోది తేలిగ్గా ఒంటపడుతుంది. రాగిలోని ఫైటేట్లు, తోటకూరలోని ఆక్సలేట్లు కొంత అడ్డుపడతాయి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేట్లను తగ్గిస్తాయి. మొలక రాగి పిండికి ఇంకో లాభం ఉంది. దానితో కాచిన జావ పలుచగా ఉండటం వల్ల అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, చిన్న పొట్టకు ఎక్కువ శక్తి అందుతుంది. పీచు తిండితో కడుపు నిండిపోయి కేలరీలు చాలకపోవడం వీగన్ పసిబిడ్డల్లో సాధారణంగా వచ్చే లోపం. ఒక చెంచా బుడ్డల నూనె, మెత్తగా నూరిన బుడ్డల ముద్ద, పొట్టు తీసిన పప్పు దానికి మందు.

అనంతపురంలో కాల్షియం మాటకు అదనపు బరువు ఉంది. జిల్లాలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఎముకలను మరింత దెబ్బతీస్తుంది. ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లలో వర్ణించారు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో వందలాది గ్రామాలకు నీళ్లిచ్చింది. ఆ నీరు అందని ఊళ్లో, పాలు లేకుండా పెరిగే బిడ్డకు మొదట చూడాల్సింది కంచం కాదు, బిందె.

ఇనుము కూడా గట్టిగా చూసుకోవలసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుము మాంసంలోదానంత సులువుగా ఒంటపట్టదు, విటమిన్ సి తోడైతే పడుతుంది. సంగటి-పప్పు మీద నిమ్మరసం, తిన్నాక ఒక చీనీకాయ చాలు. చీనీ ఈ చుట్టుపట్ల కొదవలేని పండు. భోజనంతో పాటు టీ ఇవ్వడం మాత్రం ఇనుమును అడ్డుకుంటుంది. పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా టీ అలవాటు చేస్తారు కాబట్టి ఈ జాగ్రత్త వీగన్లకే కాదు.

మాంసకృత్తుల గురించి చుట్టాలు ఎక్కువ భయపడతారు, భయపడవలసింది తక్కువ. వేరుశనగలో బరువులో నాలుగో వంతు, కందిపప్పులో అయిదో వంతుకు పైగా మాంసకృత్తులే. ధాన్యం, పప్పు, బుడ్డలు రోజులో కలిసి వస్తే చాలు. అసలు జాగ్రత్త అవసరమైనది గింజ నాణ్యతకు. పంట చివర్లో బెట్ట తగిలిన వేరుశనగలో ఆస్పర్‌జిల్లస్ బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్ ఏళ్లుగా దీని మీద పనిచేసింది. ముడతలు పడిన, రంగు మారిన, బూజు వాసన ఉన్న గింజల్ని ఏరి పారేయాలి. బుడ్డల మీద ఆధారపడే బిడ్డకు ఇది నిత్యం చేయాల్సిన పని.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. అయోడిన్ కోసం అయోడిన్ ఉప్పు చాలు. ఇంట్లో కల్లుప్పు వాడేవారు ఇది గమనించాలి. విటమిన్ డి ఎండ నుంచి వస్తుంది, ఎండకు ఇక్కడ కరువు లేదు, ఎండలో ఆడే సమయానికే కరువు. మందుగా ఇచ్చే డి3 ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు. రాతిపాచి నుంచి తీసినదీ, డి2 రకమూ వీగన్లు వాడతారు. బుడ్డల నూనెలో ఒమేగా-3 లేదు, అవిసె గింజల పొడి ఆ లోటు కొంత తీరుస్తుంది.

అంగన్‌వాడీ, బడి

ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు పసిపిల్లలకు పాలు, గుడ్డు, బాలామృతం ఇస్తాయి. బాలామృతంలో గోధుమ, శనగపప్పుతో పాటు పాలపొడి ఉంటుంది. వీగన్ బిడ్డకు అంగన్‌వాడీ తిండిలో మిగిలేది అన్నం, పప్పు, కూర. బడిలో పరిస్థితి మెరుగు. 2020 జనవరిలో జగనన్న గోరుముద్ద పేరుతో మారిన మధ్యాహ్న భోజన పట్టికలో గుడ్డుతో పాటు బుడ్డలూ బెల్లమూ కలిపిన చిక్కీ వచ్చింది. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగి జావ చేరింది. 2024లో ఈ పథకానికి అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సాంబారు, పులిహోర, పప్పు, జావ, చిక్కీ చూస్తే గుడ్డు పక్కన పెట్టిన వీగన్ బిడ్డ ఆకలితో ఉండదు. కానీ ఆ గుడ్డు స్థానంలో వేరేది రాదు. పొరుగున కర్ణాటకలో 2021 డిసెంబరులో ఉత్తర జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెట్టినప్పుడు లింగాయత మఠాధిపతులు వ్యతిరేకించారు. అక్కడ గుడ్డు తినని పిల్లలకు అరటిపండు, తర్వాత చిక్కీ ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఈ గొడవలో ఒక మాట స్పష్టంగా ఉండాలి: తన బిడ్డకు గుడ్డు వద్దనడం కుటుంబం హక్కు. పేద పిల్లలందరి కంచం నుంచి గుడ్డు తీసేయమనడం వేరే సంగతి, దానికి వీగన్ నియమం సమర్థన కాదు.

బడి అన్నంలో ఇంకో సంగతి ఉంది. 2021 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన పథకం కింద 2024 నాటికి రేషన్, బడి బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలిపి పంపారు. కిలో బియ్యానికి ఒక మైక్రోగ్రాము దరిదాపుల్లో బి12 ఉండాలన్నది ప్రమాణం. నూట యాభై గ్రాముల అన్నపు బియ్యంలో వచ్చేది చాలా కొంచెం, మాత్ర మానేసేంత కాదు, అయినా సున్నా కాదు. నీళ్లలో తేలే ఆ గింజల్ని 'ప్లాస్టిక్ బియ్యం' అనుకుని ఏరి పారేసిన ఇళ్లు ఆంధ్రలో ఎన్నో.

బడిలో పిల్లల మధ్య సమస్య పథకాలతో తీరదు. పుట్టినరోజు చాక్లెట్‌లో పాలపొడి, కేకులో గుడ్డు ఉంటాయి. ప్రతిసారీ చేయి వెనక్కి తీసుకునే బిడ్డ కొద్దికాలానికే పేరు తెచ్చుకుంటుంది. అనుభవమున్న తల్లిదండ్రులు టీచరుతో ముందే మాట్లాడి, పంచే రోజున బిడ్డ సంచిలో నువ్వుల ఉండలో చిక్కీనో పెడతారు. పాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క పాలను మినహాయించదు. 2022లో వచ్చిన భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వీగన్ ఆహార నిబంధనల ప్రకారం వీగన్ సరుకుకు వేరే గుర్తు ఉంది. మండల కేంద్రం కిరాణా కొట్లో అది కనిపించడం అరుదు కాబట్టి పదార్థాల జాబితా చదవడమే దారి.

పండగ, చుట్టరికం

అన్నప్రాశన నాడు పాల పాయసం, గుళ్లో పంచామృతం, తిరుపతి లడ్డూలో నెయ్యి, గృహప్రవేశంలో పొంగే పాలు: తెలుగు మంగళకార్యాలు పాడి మీద నడుస్తాయి. నార్పల మండలం గూగూడు కుళ్లాయస్వామి పీర్ల పండగకైనా, ఊరి గంగమ్మ జాతరకైనా బంధువులంతా కలిసే తిండి ఉంటుంది. అన్నప్రాశన పాయసాన్ని కొబ్బరిపాలు, బెల్లంతో చేస్తే శాస్త్రం తప్పిందని అనే పురోహితులు తక్కువే. ఓళిగలు నెయ్యి లేకుండా బుడ్డల నూనెతో కాల్చడం ఈ సీమలో మామూలే. ప్రసాదం దగ్గర రాజీ ఎక్కువ కుటుంబాల్లో ఉంటుంది: కళ్లకద్దుకుని పెద్దవారికి ఇచ్చేయడం.

గట్టి పేచీ అవ్వతాతల దగ్గర. 'పాలు తాగకపోతే బిడ్డకు బలమెట్లా వస్తాదమ్మా' అన్న ప్రశ్నలో ఉన్నది అధికారం కాదు, కరువు జ్ఞాపకం. పాలు దొరకని రోజులు చూసిన అవ్వకు మనవడికి గ్లాసు పాలివ్వడం సాధించుకున్న సుఖం. వాదించడం కన్నా బరువు, ఎత్తు చార్టు చూపించడం, బుడ్డల పెరుగు తోడుపెట్టే పని ఆమెకే అప్పగించడం మేలు. అమ్మమ్మ ఊళ్లో వేసవి సెలవుల్లో చాటుగా ఒక మజ్జిగ గ్లాసు దక్కడం జరుగుతూనే ఉంటుంది. దాన్ని నేరంగా విచారించే ఇంట్లో బిడ్డ అబద్ధం నేర్చుకుంటుంది.

తిండి బయట కూడా నియమం తగులుతుంది. మొదటి పుట్టినరోజుకు ధర్మవరం పట్టు లంగా కుట్టించడం ఈ జిల్లాలో ఆచారం. పట్టు దారం తీయడానికి గూడులోని పురుగును ఉడికిస్తారు. పురుగును చంపకుండా దారం తీసే అహింసా పట్టును రూపొందించినది హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య; పురుగుల పెంపకమే వద్దనే వీగన్లు దాన్నీ కట్టరు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు మేక తోలువి. బిడ్డకు ఆ బొమ్మలాట చూపించకుండా ఉండటం అతి అనిపిస్తుంది, కొనకపోవడం చాలు. టీకాల్లో కొన్నింట జెలటిన్ ఉన్నా మానకూడదు. వీలైనంత, ఆచరణకు సాధ్యమైనంత అన్న హద్దు వీగన్ సొసైటీ నిర్వచనంలోనే ఉంది.

వైద్యుల మధ్య భేదం

ఈ పెంపకం మంచిదా కాదా అన్న విషయంలో వైద్యశాస్త్రం ఒక్క మాట మీద లేదు. అమెరికా పోషకాహార నిపుణుల అకాడమీ 2016లో సరిగ్గా ప్రణాళిక వేసిన వీగన్ ఆహారం శైశవంతో సహా అన్ని దశలకూ తగినదని చెప్పింది. 2025లో వెలువరించిన కొత్త ప్రకటనను మాత్రం పెద్దలకే పరిమితం చేసింది. జర్మనీ పోషకాహార సంఘం 2016లో పిల్లలకు, గర్భిణులకు వద్దంది. 2024లో ఆ వర్గాల విషయంలో స్పష్టంగా అవుననీ కాదనీ చెప్పలేమంది. జర్మనీలోనే ఒకటి నుంచి మూడేళ్ల 430 మంది పిల్లలపై జరిగిన, 2019లో అచ్చయిన అధ్యయనంలో వీగన్, శాకాహార, మాంసాహార పిల్లల పెరుగుదలలో చెప్పుకోదగిన తేడా లేదు. 2021లో పోలండు నుంచి వచ్చిన అధ్యయనం 5-10 ఏళ్ల పిల్లల్లో వీగన్లు సగటున 3 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని, ఎముకల్లో ఖనిజం తక్కువని, చెడు కొలెస్టరాల్ మాత్రం బాగా తక్కువని చూపింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోని నమూనా కంచంలో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు ఉంది. ఐరోపా అధ్యయనాల్లోని కుటుంబాలు చదువుకున్నవి, మందులు కొనగలిగినవి. కరువు పీఠభూమిలోని బిడ్డకు ఆ ఫలితాలు నేరుగా వర్తించవు.

ఎదిగే వయసు

పదేళ్లు దాటాక ఎంపిక క్రమంగా పిల్లల చేతికి వస్తుంది. హైస్కూలు అనంతపురంలో, ఇంటర్ హాస్టలు కర్నూలులోనో తిరుపతిలోనో అయితే మెస్సులో మజ్జిగ లేని భోజనం వెతుక్కోవడం కష్టం. కొందరు అక్కడ వదిలేస్తారు, కొందరు మరింత గట్టిపడతారు. విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఈ దశ తేలిక. పోర్చుగల్ 2017లో ప్రభుత్వ క్యాంటీన్లలో వీగన్ భోజనం కూడా అందుబాటులో ఉంచడం తప్పనిసరి చేసింది. న్యూయార్క్ బడుల్లో 2022 నుంచి శుక్రవారం మొక్కల భోజనం పెడుతున్నారు. బ్రిటన్‌లో 2020లో ఒక ఉద్యోగ ట్రిబ్యునల్ నైతిక వీగనిజాన్ని చట్టరక్షణ గల విశ్వాసంగా గుర్తించింది. ఆంధ్రలో అటువంటి ఏర్పాటేదీ లేదు.

హాస్టలుకు వెళ్లే పిల్లల విషయంలో తల్లిదండ్రులు చేయదగినది రెండే: సంచిలో బి12 మాత్రల పట్టీ ఉంచడం, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించడం. హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి చూపించే ఆ పరీక్షలు అనంతపురం ల్యాబుల్లో జరుగుతాయి. ఆ రెండిటికీ సిద్ధంగా లేని కుటుంబం బిడ్డకు పాలు మాన్పించకూడదు.